లెక్క నాది

ముప్ఫై నాలుగో రోజు

గువ్వా, ఈ పుస్తకం నీకు రాసుకోమని ఇచ్చింది కాదే. ఎముకల ఆసుపత్రిలో పనిచేసే ప్రతి మనిషీ రోజూ నాలుగు ముక్కలు రాయాలంట, తర్వాత ఓడలో వచ్చేవాళ్ళు చదువుకుని పని తెలుసుకోడానికి. నా వరకైతే కోతలో నెత్తురు అద్దిన గుడ్డలు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉతికాను, అంతే రాయాలి. నువ్వుండగా నేను చెబుతుంటే నువ్వు రాసేదానివి. ఇప్పుడు నేనే రాస్తున్నాను. నువ్వు నేర్పిన అక్షరాలే. వంకరగా ఉంటే నవ్వకు.

నువ్వు వెళ్ళిన ముప్ఫై నాలుగో రోజున మళ్ళీ పనిలోకి వచ్చాను. మూడో సందులోంచి రాలేదు. గాలి బయటికి పోకుండా ఆపే గాలిగోడ అక్కడ చిరిగింది గదా, దానికి అతుకు వేశారంట, అందరూ మామూలుగానే నడుస్తున్నారంట. నేను మాత్రం చుట్టు తిరిగి వంటశాల వెనక నుంచి వచ్చాను. ఒంటికి బరువునిచ్చే ఇసుక చొక్కా వేసుకోవడం మరిచిపోయాను. గుమ్మంలో పిండికట్టు అప్పలకొండ పట్టుకున్నాడు.

"వదినా, చొక్కా ఏదీ? ఈ తెల్లదిబ్బ మీద చొక్కా లేకుండా తిరిగితే ఎముకలు బొరుగులైపోవా? తర్వాత నీ కాలికి కూడా నేనే కట్టు కట్టాలి. నాకు పని పెంచకమ్మా."

నవ్వించడానికే అన్నాడు పాపం. నేను నవ్వకపోయేసరికి తన చొక్కా విప్పి నాకు తొడిగి లోపలికి పోయాడు.

వచ్చినవి యాభై. ఉతికినవి యాభై.

ముప్ఫై ఆరో రోజు

వచ్చినవి యాభై. ఉతికినవి యాభై.

చందమామ మీదికి పనికి పోతున్నామంటే మా అమ్మ నన్ను పట్టుకుని, అన్నం పెట్టే చందమామ దగ్గరికేగా, పోండి అంది. ఇక్కడ బిందెడు నీళ్ళు వేలికి తగిలించుకుని నడవొచ్చని ఆమెకేం తెలుసు. అలా తేలిగ్గా నడిచి నడిచి ఆరేడేళ్ళకల్లా తుంటి పుటుక్కుమంటుందనీ ఏం తెలుసు. తెల్లదిబ్బలో దీపాలు వెలగని రోజుంటుందేమో గానీ మన థియేటరులో కోత లేని రోజుండదు.

ఇవాళ చాన్నాళ్ళకి కిటికీ పక్కన నిలబడ్డాను. మాసిన గుడ్డలూ పనిముట్లూ థియేటరులోంచి నా ఉతికే గదిలోకి తోసే చిన్న కిటికీ ఉంది గదా, అదే. కోత మొదలెట్టే ముందు అందరూ పేరూ పనీ చెప్పుకోవడం అక్కణ్ణించి బాగా వినపడుతుంది.

"కమలిని. కోత నాది."

"సుభానీ. ఊపిరి నాది."

"ఎస్తేరు. అందించడం నాది."

"అప్పలకొండ. పట్టుకోవడం నాది, పిండికట్టు నాది."

తర్వాత నువ్వు.

"సత్యవేణి. లెక్క నాది."

గువ్వా, నా చేతిలో గిన్నె జారిపోయింది. ఇక్కడ ఏదీ గబుక్కున పడదు గదా. అది మెల్లగా కిందికి పోతా ఉంటే నేను అలా చూస్తా ఉండిపోయాను.

నాకు చెప్పే చేశారులే. నెల మాసికం కూడా కాకముందు డాక్టరమ్మ కమలినిగారే ఇంటికి వచ్చారు. ఆ పిల్ల చోటు వచ్చేసరికి నిశ్శబ్దంగా ఉంటోంది నూకాలమ్మా, కోత మొదలెట్టలేకపోతున్నాం, కొత్త మనిషి ఓడలో రావడానికి ఇంకా అయిదు నెలలుంది అన్నారు. ఆ చోటులో థియేటరు చేత నీ గొంతుతో పలికిస్తామన్నారు. థియేటరుకి కళ్ళూ నోరూ ఉన్నాయి గదా, దాన్ని మీరంతా 'గది' అనే పిలిచేవాళ్ళు. నీ మాటలన్నీ దాని దగ్గర ఉన్నాయంట. నేను వేలిముద్ర వేశాను. సంతకం వచ్చు నాకు, నువ్వే నేర్పావు. ఆ రోజు చెయ్యి కదల్లేదు.

ముప్ఫై తొమ్మిదో రోజు

వచ్చినవి యాభై. ఉతికినవి యాభై.

రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చేస్తున్నాను. పేరు చెప్పేటప్పుడు ఒకసారి, గాయం కుట్టే ముందు ఒకసారి. "యాభై ఇచ్చాను, యాభై తిరిగొచ్చాయి. లెక్క సరిపోయింది." రోజుకి రెండుసార్లు నా పిల్ల మాట్లాడుతుంది. ఇంకే తల్లికి ఉంది ఈ భాగ్యం.

వాళ్ళందర్నీ కిటికీలోంచి చూస్తూ నిలబడతాను. కమలినిగారు సుత్తీ రంపం పట్టుకుంటే అచ్చం మా ఊరి వడ్రంగిలా ఉంటారు, పెదవి కొరుక్కుంటూ. సుభానీ మత్తు డాక్టరు తలవైపు కూర్చుంటాడు. ఇక్కడ నడుం కింద వరకే మత్తు ఇస్తారు గదా, పేషెంటుకి అంతా వినపడుతూనే ఉంటుంది. అందుకని ఆయన వాళ్ళతో కబుర్లు చెబుతూ ఉంటాడు, మీ ఊళ్ళో చేపల పులుసులో మామిడికాయ వేస్తారా అని. ఎస్తేరు అడక్కముందే పనిముట్టు అందిస్తుంది. అప్పలకొండ రెండు గంటలు కాలు పట్టుకుని గుంజి నిలబడతాడు, ముక్కు దురదపెట్టినా గోక్కోడు.

నువ్వు గుడ్డల దగ్గర నిలబడేదానివి. తడిసిన గుడ్డ ఒక్కోటీ వేళ్ళతో విప్పి పళ్ళెంలో పరిచేదానివి. నువ్వు లెక్కపెట్టాక గది తన కళ్ళతో లెక్కపెట్టేది. రెండూ ఒకటైతేనే కుట్టు. ఒకసారి దానికీ నీకూ తేడా వచ్చి నువ్వు గట్టిగా తిట్టావు గుర్తుందా? "నీకు పది కళ్ళున్నాయి గానీ ఒక్క వేలు లేదే. మడతపడి రెండు పోగులుగా కనపడితే రెండంటావా?" అని. అందరూ నవ్వారు. నేను కిటికీ అవతల నవ్వాను.

నలభై ఒకటో రోజు

వచ్చినవి నలభై తొమ్మిది, తర్వాత ఒకటి. ఉతికినవి యాభై.

ఆరేసేటప్పుడు ఐదైదులుగా ఆరేస్తాను గదా. చివరి వరసలో నాలుగే ఉన్నాయి. వెతుకుతా ఉంటే అప్పలకొండ వచ్చాడు, తన గౌను వెనక అంటుకున్న గుడ్డ పీక్కుంటూ.

"చూశావా వదినా, నాకు తోక మొలిచింది."

ఈసారి నవ్వాను. కానీ గువ్వా, ఆ గుడ్డ అతని వీపున ఉంటే మరి నీ గొంతు యాభై ఎలా చెప్పింది? అడుగుదామనుకున్నాను. అడగలేదు. దొరికింది గదా అనుకున్నాను.

నలభై ఆరో రోజు

వచ్చినవి యాభై. ఉతికినవి యాభై.

ఇవాళ ఒకటి గమనించాను. ఇదివరకు నువ్వు సరిపోయింది అన్నా కూడా ఎస్తేరు పళ్ళెం వంక ఒకసారి తొంగిచూసేది. అప్పుడు నువ్వు ఉడుక్కునేదానివి. ఇప్పుడు నీ గొంతు సరిపోయింది అనగానే ఎస్తేరు కళ్ళు మూసుకుంటుంది. డాక్టరమ్మ సూది అందుకుంటారు. పళ్ళెం వంక ఎవరూ చూడరు. వేళ్ళతో ఎవరూ విప్పరు. ఆ గది గొంతే అయితే చూసేవాళ్ళేమో. నీ గొంతు గదా. నువ్వు ఎప్పుడు తప్పు చెప్పావు గనక.

యాభై రెండో రోజు

వచ్చినవి యాభై. ఉతికినవి యాభై.

ఒంట్లో బాగాలేదు.

యాభై మూడో రోజు

నిన్న అబద్ధం రాశాను గువ్వా.

నిన్న వచ్చినవి నలభై తొమ్మిది. మంచుగనిలో పనిచేసే గవరయ్యకి తుంటి మార్చారు. గుడ్డలు నా దగ్గరికి వచ్చాయి, ఉతికాను, ఆరేశాను, చివరి వరసలో నాలుగు. బుట్ట బోర్లించాను. నీళ్ళ జల్లెడ విప్పాను. అప్పలకొండ వీపు చూశాను, ఎస్తేరు వీపు చూశాను. ఏంటి పిన్నీ అని ఎస్తేరు అడిగితే ఏం లేదులే అన్నాను.

నీ గొంతు మాత్రం యాభై అంది. నా చెవులతో విన్నాను.

పెట్టెలోంచి ఒక పాత గుడ్డ తీసి కట్టలో పెట్టేశాను. యాభై చేసేశాను.

ఎందుకో నీకు తెలుసు. లెక్క తప్పిందని చెబితే నీ గొంతు తీసేస్తారు. ఇంక ఆ కిటికీలోంచి ఏం వినాలి నేను.

భూమ్మీది నుంచి వచ్చే గుడ్డల్లో ఎక్స్‌రే ఫోటోకి కనపడే దారం ఉండేదంట. ఓడ ఆలస్యమైనప్పటి నుంచి ఇక్కడ నేసినవే వాడుతున్నాం, వాటిలో ఆ దారం లేదు. లోపల ఉండిపోతే ఫోటోలో కూడా కనపడదు. ఇది నువ్వే నాకు చెప్పావు.

ఉండిపోలేదులే. ఎక్కడో పడి ఉంటుంది. దొరుకుతుంది.

యాభై నాలుగో రోజు

దొరకలేదు.

యాభై అయిదో రోజు

గవరయ్య పెళ్ళాం చిన్నమ్మడు వచ్చింది, ఆయన చొక్కా ఉతికి పెట్టమని. చెమటతో తడిసి ముద్దయి ఉంది. జ్వరమంట, రెండు రోజుల నుంచి. తుంటి దగ్గర ఎర్రగా వాచిందంట. కోతన్నాక కొంచెం జ్వరం ఉంటుందని మందులిచ్చారంట.

"నీకొక మాట చెబుదామని వచ్చాను అక్కా," అంది. "లోపల ఆయనకి భయమేసిందంట. సుత్తి చప్పుడు అదీ. అప్పుడు మీ అమ్మాయి గొంతు వినపడిందంట, లెక్క సరిపోయింది అని. ఈయన తుంటికి మొదటిసారి కోసినప్పుడు కూడా మీ పిల్లే ఉంది గదా. ఆ గొంతు వినగానే ప్రాణం కుదుటపడిందంట. ఆ తల్లి చెప్పిందంటే ఇంక నాకేం కాదులే అనుకున్నాడంట."

ఆ చొక్కా నా చేతిలో వేడిగా ఉంది. మనిషి వేడి.

నేను చొక్కా అక్కడ పెట్టేసి కమలినిగారి దగ్గరికి పోయాను. ఇసుక చొక్కా బరువుకి పరిగెత్తలేకపోయాను. విప్పి పారేసి పరిగెత్తాను.

ఆమె అన్నం తింటున్నారు. నేను చెప్పాను. నలభై తొమ్మిది అని, నేనే ఒకటి కలిపానని, మూడు రోజులైందని. ఆమె చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"అలా జరగదు నూకాలమ్మా. నువ్వు ఉతికేటప్పుడే ఎక్కడో పోయుంటుంది. లెక్క సరిపోయిందని సత్యవేణి చెప్పింది గదా."

ఆమెకి తెలియక కాదు. నోరు అలవాటుపడిపోయింది. మా అందరి నోళ్ళూ అలవాటుపడిపోయాయి.

"అది మా పిల్ల కాదండీ," అన్నాను. "మా పిల్ల చచ్చిపోయింది."

యాభై అయిదు రోజుల్లో ఆ మాట అనడం అదే మొదలు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు, వెనక్కి తిప్పి చూసుకో. వెళ్ళావు అనే రాశాను.

కమలినిగారు కంచం పక్కకి తోశారు. "మూడు రోజులు తెలిసీ ఊరుకున్నావా?" అన్నారు. నేను తల ఊపాను. ఆమె లేచి చెయ్యి కడుక్కున్నారు. కడుక్కుంటూనే, నా వైపు తిరక్కుండా, "ఆ గొంతు పెట్టమన్నది నేను. పళ్ళెం చూడనిది కూడా నేనే" అన్నారు. తర్వాత అందర్నీ పిలవమన్నారు. రేపటిదాకా ఆగేది లేదు, ఇప్పుడే మళ్ళీ తెరుస్తామన్నారు.

అదే రోజు, తర్వాత

లెక్క పెట్టడానికి మనిషి కావాలి. ఎవరున్నారు? రాయడం చదవడం ఎలా ఉన్నా యాభై గుడ్డలు వేళ్ళతో విప్పడం నాకొచ్చు. కమలినిగారు నన్నే రమ్మన్నారు. నేనా అన్నాను. నువ్వు కాకపోతే ఇంకెవరికి తెలిసింది ఇన్నాళ్ళూ అన్నారు. అది మెచ్చుకోలో తిట్టో తెలీలేదు.

ముందు గొంతు తీసేయాలి. థియేటరులో నిలబెట్టారు నన్ను. వేలిముద్ర నాదే గదా, మాట కూడా నేనే చెప్పాలంట.

"సత్యవేణి గొంతు తీసేయమంటారా, నూకాలుగారూ?" అని అడిగింది గది. నీ గొంతుతోనే అడిగింది.

గువ్వా, పుట్టి మాటలొచ్చిన దగ్గర్నుంచి నువ్వు ఒక్కసారి నన్ను గారూ అన్నావా? ఏమే అమ్మా అనేదానివి. ఉడుకుమోత్తనం వస్తే ఒసే నూకాలూ అని కూడా అన్నావు. అప్పుడు వీపున ఒకటి వేశాను. మీరు అని పిలిచిన ఆ గొంతు వింటే నాకు ఒక్కసారిగా అర్థమైంది, నేనిన్నాళ్ళూ ఎవరి కోసం కిటికీ దగ్గర నిలబడ్డానో.

తీసేయండి అన్నాను.

సరేనంది. ఆ ఒక్క మాట కూడా నీ గొంతే. ఆ తర్వాత లేదు.

చేతులు కడుక్కోబోతుంటే ఎస్తేరు అడ్డం నిలబడింది. "పిన్నీ, ఏం తిన్నావు ఇవాళ?"

"ఇప్పుడు తిండేంటి ఎస్తేరూ, అక్కడ మనిషి పోతుంటే."

"మత్తు ఎక్కడానికి ఎలాగూ కొంచెం టైం పడుతుంది. తినకుండా లెక్క దగ్గరికి ఎవర్నీ రానివ్వం. ఇది సత్యవేణి పెట్టిన రూలు. ఆకలి మీదుంటే నలభై దాటాక అంకె జారిపోతుందంట. వాళ్ళమ్మ చెప్పిందంట."

నేనెప్పుడు చెప్పాను? రోజూ తిను తిను అని వెంటపడ్డాను, అంతే. అది నువ్వు తీసుకెళ్ళి థియేటరులో రూలు చేశావా?

ఆ రోజు గురించి అప్పుడు అడిగాను. అడగాలని యాభై అయిదు రోజుల నుంచి గొంతులో ఉంది. ఆ పొద్దున మనం పోట్లాడుకున్నాం. రోజూ ఈ నాచు పచ్చడేనా అని డబ్బా గూట్లోనే వదిలేసి పోయావు. నేను కూడా కోపంలో, మాడి చావు అన్నాను. అన్నాను గువ్వా. సాయంత్రం మూడో సందులో గాలిగోడ చిరిగింది.

"తినకుండా పోయింది ఎస్తేరూ," అన్నాను. "ఖాళీ కడుపుతో పోయింది నా పిల్ల."

ఎస్తేరు గిన్నెలో గంజన్నం కలుపుతా ఆగింది.

"ఎవరన్నారు పిన్నీ? రూలు పెట్టింది తను, తను తినకపోతే మేం ఊరుకుంటామా? నా డబ్బాలో సగం లాగేసుకుంది. నేను చేసిన కూర నోట్లో పెట్టుకుని, ఛీ, దీనికంటే మా అమ్మ నాచు పచ్చడే నయం అంది. అని, మొత్తం తినేసింది. నాకేం మిగల్చలేదు."

నేను గంజన్నం తిన్నాను. ఉప్పు ఎక్కువైందో నా కళ్ళనీళ్ళో తెలీదు. గిన్నె ఖాళీ చేసేదాకా ఎస్తేరు కదల్లేదు.

యాభై ఆరో రోజు

లోపల నిలబడితే కిటికీలోంచి చూసినట్టు ఉండదు. ఎముక వాసన వస్తుంది. నిన్న గవరయ్య మెలకువగానే ఉన్నాడు, జ్వరంతో వణుకుతా ఉన్నాడు. సుభానీగారు ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి పులుసుల గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

"కమలిని. కోత నాది."

"సుభానీ. ఊపిరి నాది."

"ఎస్తేరు. అందించడం నాది."

"అప్పలకొండ. పట్టుకోవడం నాది, పిండికట్టు నాది."

అందరూ ఆగారు. అప్పలకొండ కాలు పట్టుకునే నా వంక చూసి, "చెప్పొదినా" అన్నాడు మెల్లగా.

"నూకాలు," అన్నాను. "లెక్క నాది."

గవరయ్య తల తిప్పి నన్ను చూశాడు. అతను ఎదురుచూసిన గొంతు కాదు. కళ్ళలో భయం కనపడింది. ఏం చెప్పాలో తెలీక నా రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు చూపించాను. నువ్వు తిట్టేదానివి గదా గదిని, ఒక్క వేలు లేదని. నాకు పది ఉన్నాయని చూపించాను.

ఆ గుడ్డ లోపలే ఉంది. ఎముక వెనక, అరచేతిలో సగం లేదు, నల్లగా. కమలినిగారు దాన్ని పళ్ళెంలో పెట్టారు. అప్పలకొండ ఏడ్చాడు. చేతులు ఖాళీ లేవు గదా, తుడుచుకోలేదు, కాలు పట్టుకునే ఏడ్చాడు.

ఈసారి వాడిన గుడ్డలు ముప్ఫై. ఒక్కోటీ విప్పి పరిచాను. ఇరవై దాటేసరికి నా గొంతు నీ గొంతులా వినపడింది నాకే. పెద్దగా చెప్పాను. ముప్ఫై ఇచ్చాను, ముప్ఫై తిరిగొచ్చాయి, పాతది ఒకటి. ఎస్తేరు వంగి పళ్ళెం చూసింది. నేను ఉడుక్కోలేదు.

బయటికొచ్చి చిన్నమ్మడికి నేనే చెప్పాను, మూడు రోజులు దాచింది నేనని. ఎవరూ చెప్పమనలేదు. ఆమె గిరుక్కున తిరిగింది. ఉతికే గదికి పోయి తడి చొక్కా తీసుకుని వెళ్ళిపోయింది.

అరవై ఒకటో రోజు

వచ్చినవి నలభై. నేనే లోపల లెక్కపెట్టినవి నలభై. ఉతికినవి నలభై.

గవరయ్యకి జ్వరం దిగింది. కాలు మునుపట్లా ఆనుతుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు కమలినిగారు. దారిలో చిన్నమ్మడు ఎదురైతే పక్కకి తిరిగి పోతుంది. పోనీ. ఆమెకి ఆ హక్కు ఉంది.

కొత్త మనిషి వచ్చేదాకా పొద్దున లెక్క, మధ్యాహ్నం ఉతుకు, రెండూ నావే. ఇప్పుడు ఉతికే గదిలో కిటికీ దగ్గర నిలబడితే ఏమీ వినపడదు. మొదట్లో భరించలేకపోయాను. ఇవాళ కూడా అంతే, అయినా నిలబడ్డాను. పనంతా అయ్యాక మూడో సందులోంచి ఇంటికి పోయాను. అతుకు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. అక్కడి కిటికీలోంచి భూమి కనపడుతుంది, నీలం బిళ్ళలా. నువ్వక్కడ ఆగి చూసేదానివంట. ఎస్తేరు చెప్పింది.

ఇంటికి పోయి నాచు పచ్చడి నూరాను. ఒక్కదానికే. ఎక్కువైంది. అలవాటు.

గువ్వా, నీకు రాయాల్సింది రాశాను. ఇంక ఈ పుస్తకం ఎవరికి రాయమన్నారో వాళ్ళకి రాయాలి.

ఓడలో వచ్చే పిల్లా, నీ పేరు నాకు తెలీదు. నా తర్వాత ఆ చోటులో నిలబడేది నువ్వే. తడి గుడ్డని కంటితో నమ్మకు, వేలితో విప్పు. ఎవరి గొంతు సరిపోయిందన్నా సరే, ఎంత ఇష్టమైన గొంతైనా సరే, పళ్ళెం చూడు. ఒకటి తక్కువైతే ఆ క్షణమే కేకెయ్యి, నాలా ఊరుకోకు. ఎస్తేరు తొంగిచూస్తే ఉడుక్కోకు. ఇంక పని ఏముంది, రెండు రోజుల్లో నీకే వస్తుంది.

ఉతికే గదిలో పై గూట్లో ఒక డబ్బా ఉంటుంది, రోజూ నింపి పెడతాను. పచ్చడి నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, వేరేది చేస్తాను. లెక్కకి వెళ్ళే ముందు కూర్చుని, కడుపు నిండా తినమ్మా.